కడుపులో లాలి

ఆరో అంతస్తులో లిఫ్టు ఎక్కినప్పుడు హార్బర్ డాక్టరు బతికే ఉన్నాడు. కింద తలుపు తెరుచుకునేసరికి లేడు.

మూడో అంతస్తులో ఒకడు ఎక్కాడు, రెండో అంతస్తులో దిగిపోయాడు. వాడి చేతిలో గొడుగు. బయట వానా లేదు, ఎండా ఇంకా ముదరలేదు. మరి ఈ గొడుగేమిటి, దాని మొనకి ఆ సూదేమిటి అని అడగడానికి లిఫ్టులో ఇంకో మనిషి లేడు. డాక్టరు మెడ మీద ఆవగింజంత ఎర్ర చుక్క. చేతిలో ఉండాల్సిన ల్యాబ్ కవరు మాయం.

మంగళవారం, ఉదయం తొమ్మిదీ పది.

పన్నెండింటికి ఏజెంటు ముంగి ఒక కళ్ళజోళ్ళ షాపులోకి వెళ్ళాడు.

"దూరంచూపు సరిగా లేదండీ."

"దగ్గరిది బాగుందా?" అన్నాడు కౌంటరు మనిషి.

"అదీ అనుమానమే."

కోడ్ సరిపోయింది. అద్దాల బీరువా పక్కకి జరిగింది. వెనక గదిలో పెద్దాయన, పక్కన నెరిసిన జుట్టుతో ఒక ప్రొఫెసరమ్మ కూర్చుని ఉన్నారు.

ముంగి అన్నది ఆఫీసు పెట్టిన పేరు. నోరు తెరిస్తే ఏదో రాలిపోతుందన్నట్టు ఉంటాడు మనిషి. ఇరవై రెండేళ్ళ సర్వీసులో రెండుసార్లు శత్రువులకి చిక్కాడు. రెండుసార్లూ వాళ్ళే అడిగి అడిగి విసుగెత్తి కాపలా సడలించారు.

"హార్బర్ కంట్రోల్ రూములో మూడు షిఫ్టులకీ కలిపి పదకొండు మంది," అన్నాడు పెద్దాయన. "వచ్చే ఓడ, పోయే ఓడ, అంతా వాళ్ళ చేతిలోనే. డాక్టరు మూణ్ణెల్లకోసారి బి.పి. చూస్తాడు. ఈసారి పదకొండు మందికీ చంటిపిల్లలకున్నట్టు ఉంది."

"మంచిదేగా?"

"ఆ ఉద్యోగానికి మంచిది కాదయ్యా. వాళ్ళకి జీతం ఇచ్చేదే భయపడ్డానికి. డాక్టరుకి అనుమానం వచ్చింది. వాళ్ళు రోజూ తాగే డ్రింకు ఒక సీసా పట్టుకెళ్ళి ఈ అమ్మగారికిచ్చాడు. రిపోర్టు తీసుకుని లిఫ్టు ఎక్కాడు. ఆ తర్వాతది నీకు తెలుసు."

ఆ పదకొండు మందిలో ఒకరు ముంగి సొంత చెల్లెలు. పగటి షిఫ్టు ఇన్‌చార్జి. ఆ సంగతి పెద్దాయనకీ తెలుసు. ఇద్దరూ ఎత్తలేదు.

ప్రొఫెసరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "మన పేగుల్లో కోట్లకి కోట్లు బ్యాక్టీరియా ఉంటాయి. అద్దెకున్నవాళ్ళనుకోండి. ఊరికే తిని కూర్చోవు. కొన్ని గాబా అనే సరుకు తయారుచేస్తాయి. నరాలకి అది బ్రేకు లాంటిది. కొన్ని పేగు గోడని గిల్లి సెరొటోనిన్ పుట్టిస్తాయి. ఒంట్లో ఉన్న సెరొటోనిన్‌లో నూటికి తొంభై పాళ్ళు పుట్టేది తలలో కాదు, పేగుల్లో."

"పేగుల్లోది తలకెలా ఎక్కుతుందమ్మా?" అన్నాడు పెద్దాయన.

"నేరుగా ఎక్కదు. మెదడు చుట్టూ గట్టి కాపలా ఉంది. కానీ కడుపు నుంచి మెదడుకి వేగస్ అని ఒక నరం ఉంది. టెలిఫోను తీగ అనుకోండి. కింద వాళ్ళు కబురు చెప్తే పైన మెదడు వింటుంది. ఏమేం చెప్పుకుంటారో మాకే పూర్తిగా అంతుపట్టలేదు. లాలి ముఠాకి మాకంటే నాలుగు ముక్కలు ఎక్కువ తెలిసినట్టుంది. గాబాని నలభై రెట్లు చేసే రకాన్ని పెంచారు. మెదడుకి దాని జోలపాట చేరే దారి కూడా కనిపెట్టారు. రోజూ తాగితే నెల తిరిగేసరికి పేగుల్లో కాపురం పెట్టేస్తుంది."

"మత్తా?" అన్నాడు ముంగి.

"మత్తయితే ఎప్పుడో దొరికిపోయేవాళ్ళు. తూలరు, జోగరు, లెక్క తప్పరు. భయం ఒక్కటే ఉండదు. కొంప మునుగుతున్నా పర్లేదంటారు."

లాలి పరాయిదేశపు ముఠా. డబ్బిచ్చినవాడి కోసం ఎవరి ఊరైనా తగలబెడుతుంది. పెద్దాయన ఒక ఫోటో బల్ల మీదకి తోశాడు. ముదురాకుపచ్చ కోటు, చెవికి ఒకే ఒక్క ముత్యం, చూసినవాడు మళ్ళీ చూసే మొహం.

"హార్బర్ డైటీషియన్. డ్రింకు పోసేది ఈవిడే. లాలి మనిషి. మన మనిషి కూడా. ఆర్నెల్లు మనకి కబుర్లు పంపింది. మూడు వారాలుగా ఉలుకూ పలుకూ లేదు."

"ప్లేటు ఫిరాయించిందా?"

"అది నువ్వు తేల్చు. ఏదో ఓడతో దెబ్బ కొట్టబోతున్నారు. ఏ ఓడ, ఏ పూట, అది కావాలి. కొత్త స్టాఫ్ దిగడానికి రెండు రోజులు పడుతుంది. ఈలోగా హార్బర్ మూస్తే ముఠా జారుకుని ఇంకో ఊళ్ళో దుకాణం తెరుస్తుంది." సొరుగు తీశాడు. "ఈ పెన్ను డ్రింకులో ముంచు. నీలం తిరిగితే అదే సరుకు. ఈ వాచీ అంచు నొక్కితే మత్తుసూది వస్తుంది. ఒక్కటే ఉంది, దుబారా చెయ్యకు. ఇదిగో మీసం. రేపు నువ్వు ఏసీ మెకానిక్కువి."

సాయంత్రం ముంగి ఇంట్లో ఫోన్ పక్కన కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళుగా రోజూ ఎనిమిదింటికి చెల్లెలు ఫోన్ చేసేది. గ్యాసు కట్టేశావా, గడియ పెట్టావా, దగ్గు తగ్గిందా, తగ్గకపోతే అది మామూలు దగ్గు కాదేమో. చిన్నప్పుడు వానొస్తే ఇంటి పునాది చూసొచ్చే పిల్ల. నెల రోజులుగా ఆ ఫోన్ రావడం లేదు. హమ్మయ్య, పిల్లకి బుద్ధొచ్చిందని అతను సంతోషపడ్డాడు కూడా. ఇప్పుడు ఆ సంతోషం చేపముల్లులా గొంతుకి అడ్డం పడింది.

ఎనిమిది దాటింది. ఫోన్ మోగలేదు.

బుధవారం పది నలభైకి ఏసీ మెకానిక్కు టూల్ బ్యాగుతో తొమ్మిదో అంతస్తులో దిగాడు.

కంట్రోల్ రూముకి మూడువైపులా అద్దాలు. కింద సముద్రపు కాలవ. కుడివైపు జెట్టీ, దాని వెనక వరసగా తెల్లటి గ్యాసు ట్యాంకులు. ట్యాంకుల వెనక ఊరు. లోపల నలుగురు మనుషులు, నాలుగు స్క్రీన్లు, ఎర్ర అలారం దీపం. దీపం వెలుగుతోంది. చప్పుడు లేదు.

"అలారం మోగట్లేదేంటండీ?" అన్నాడు.

"నేనే కట్టేశాను," అన్నాడు రాడార్ కుర్చీలో బట్టతలాయన. "ఊరికే చెవులు హోరెత్తిస్తోంది. పర్లేదు."

మధ్య కుర్చీ తిరిగింది. చెల్లెలు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. అతన్ని కిందనుంచి పైదాకా చూసింది.

"అన్నయ్యా, ఆ మీసమేంటి? నీకు బాలేదు."

ఆమెకి తెలిసి అతనిది ఇన్సూరెన్స్ ఉద్యోగం. మెకానిక్కు వేషమేంటి, ఇక్కడికెందుకొచ్చావు, ఎవరైనా తంతే ఎలా అని వంద ప్రశ్నలు రావాలి. ఒక్కటీ రాలేదు. కుర్చీ మళ్ళీ స్క్రీన్ వైపు తిరిగిపోయింది.

పదకొండయింది. తలుపు తెరుచుకుంది. ముదురాకుపచ్చ కోటు. ట్రేలో ఐదు గ్లాసులు.

ఆ గదికి ఒక కట్టుబాటుంది. ఎప్పుడో పాడైపోయిన భోజనం తిని ఒక షిఫ్టు షిఫ్టంతా పడకేసింది. అప్పట్నుంచి లోపలికి తిండి తెచ్చినవాళ్ళే అందరి ఎదురుగా ముందు తినాలి. ఎంత పెద్ద ఆఫీసరైనా సరే. డైటీషియన్ ఐదో గ్లాసు ఎత్తి గటగటా తాగేసింది. మూతి తుడుచుకుంది. అప్పుడు మిగతావాళ్ళు తీసుకున్నారు.

ముంగి ఏసీ చూస్తున్నట్టు వంగి, చెల్లెలి గ్లాసులో పెన్ను ముంచాడు. నీలం. ఆమె చూసి, "సిరా పడుతుందేమో," అంది. తాగేసింది.

అతని మెదడులో ఏదో తళుక్కుమంది. ఈ ఆకుపచ్చ కోటు రోజూ ముందు తాను తాగుతోంది. రెండు నెలలుగా. అంటే?

మొదటి అంతస్తులో డైటీషియన్ గది. అతను వెనకే వెళ్ళి తలుపు గడియ పెట్టాడు. పిస్తోలు తీశాడు.

"పెద్దాయన పంపారా? రండి, కూర్చోండి," అంది ఆమె. "మంచినీళ్ళు కావాలా?"

"మూడు వారాలుగా కబురెందుకు పంపలేదు?"

"పంపుదామనే అనుకున్నాను. రేపు పంపుదాంలే అనిపించింది. మర్నాడు కూడా అలాగే అనిపించింది." నవ్వింది. అందమైన నవ్వు, లోపల ఏమీ లేని నవ్వు. "ముఠా వాళ్ళు ఇచ్చిన విరుగుడు మాత్రలున్నాయి. రోజూ వేసుకోవాలి. వేసుకోవడం మానేశాను. ఏమవుతుందిలే అని."

ముంగి పిస్తోలు దించాడు. గూఢచారికి అన్నం పెట్టేది భయం. ఆ భయం పోయాక ఈవిడ గూఢచారి కాదు, ఎవరేమడిగినా తలుపు తీసే ఇల్లాలు.

"ఏ ఓడ?"

"తెల్ల ట్యాంకరు. నిండా గ్యాసు. ముఠావాళ్ళు ఐదుగురు నడుపుతున్నారు. జెట్టీని గుద్దేస్తారు. గుద్దే ముందు బోటేసుకుని దిగిపోతారు."

"ఎప్పుడు?"

"ఇవాళే. పదకొండున్నరకి." గోడ గడియారం చూసింది. "అయ్యో, ఇంకో పద్దెనిమిది నిమిషాలే. ముఠా అడ్రసులు కూడా రాసిమ్మంటారా?"

తలుపు తట్టారు. "కొరియర్!"

"అది కొరియర్ కాదు," అంది ఆమె, కాగితం మీద రాసుకుంటూనే. "నన్ను చంపడానికి వచ్చినట్టున్నాడు. నేను అజాగ్రత్తగా ఉంటున్నానని వాళ్ళకి కోపం. తీయమంటారా?"

ముంగి తలుపు పక్కన నిలబడి గడియ లాగాడు. లోపలికి ముందు గొడుగు మొన వచ్చింది. తర్వాత చెయ్యి. ముంగి ఆ చేతిని తలుపుకీ గోడకీ మధ్య నొక్కి, వాచీని వాడి మణికట్టుకి ఆనించాడు. సూది దిగింది. వాడు పార్సెల్‌తో సహా చాప చుట్టినట్టు కూలాడు.

"పాపం," అంది డైటీషియన్. "మూడో అడ్రసులో పిన్‌కోడ్ గుర్తురావట్లేదు."

అతను కాగితం లాక్కుని, పెద్దాయనకి ఫోన్‌లో రెండే ముక్కలు చెప్పి, పరిగెత్తాడు. లిఫ్టు ఎనిమిదిలో ఆగి ఉంది. మెట్లు. యాభై దాటిన మోకాళ్ళు. తొమ్మిదో అంతస్తు చేరేసరికి పదకొండూ ఇరవై రెండు. కళ్ళ ముందు చుక్కలు తిరుగుతున్నాయి.

అద్దంలోంచి కనబడింది తెల్ల ట్యాంకరు. కాలవలోకి వచ్చేసింది. స్క్రీన్ మీద వేగం పదకొండు. పక్కనే ఎర్ర అక్షరాల్లో: ఆరు దాటరాదు.

"చిట్టీ! ఆ ఓడ జెట్టీని గుద్దేస్తుంది! ఆపు!"

"ఎందుకన్నయ్యా అలా అరుస్తావు? రొప్పుతున్నావు కూడా. కూర్చో."

"ట్యాంకులు పేలతాయి! ఊరు పోతుంది! నువ్వు పోతావే!"

"పర్లేదులే," అంది. బట్టతలాయన తలూపాడు. "వాడే ఆగుతాడు."

ముంగి పిస్తోలు తీసి పైకప్పుకి ఒకసారి కాల్చాడు. పెచ్చులు రాలాయి. మూలనున్న రేడియో మనిషి భుజం దులుపుకుని, "జాగ్రత్తండీ, ఎవరికైనా తగులుతుంది," అన్నాడు.

బెదిరిస్తే బెదరడానికి లోపల ఏమన్నా ఉండాలి కదా. అతనే మైకు అందుకున్నాడు. నీళ్ళలో మూడు టగ్గులున్నాయి, పెద్ద ఓడల్ని నెట్టే బండబోట్లు. "టగ్గులన్నీ వెంటనే..." అన్నాడో లేదో, అవతల్నుంచి ఒక బొంగురు గొంతు: "ఎవరయ్యా నువ్వు? మేడమ్ చెప్తే తప్ప ఇంజను కదలదు."

పదకొండూ ఇరవై నాలుగు. ఇరవై రెండేళ్ళలో అతను ఇంతగా ఎప్పుడూ భయపడలేదు. ఆ గదిలో ఉన్న భయమంతా అతనొక్కడే మోస్తున్నాడు.

డైటీషియన్ గుర్తొచ్చింది. అరవలేదు, కొట్టలేదు. అడిగాడు. అడిగితే అడ్రసులన్నీ రాసిచ్చింది.

మోకాళ్ళ మీద చెల్లెలి కుర్చీ పక్కన కూర్చున్నాడు. చిన్నప్పుడు పెన్సిల్ అరువడిగినట్టు అడిగాడు.

"చిట్టీ, నాకోసం ఒక చిన్న పని చేసిపెడతావామ్మా?"

"చెప్పన్నయ్యా."

"ఆ ఓడ జెట్టీకి తగలకూడదు. ఏం చెయ్యొచ్చు?"

"దానికేముంది. కాలవకి ఎడమపక్క ఇసుకమేట ఉంది. టగ్గులు ముక్కుని అటు నెడితే ఇసుకలోకి ఎక్కి కూర్చుంటుంది."

"మరి నెట్టించమ్మా."

"సరే." మైకు నొక్కింది. "ఒకటీ, రెండూ, మూడూ, తెల్ల ట్యాంకరు కుడి ముక్కు మీదకి వెళ్ళండి."

మూడు టగ్గులూ కదిలాయి. అంతలో రేడియోలో ఇంకో గొంతు, నేతిలో ముంచి తీసినట్టు: "మేడమ్, ట్యాంకరు కెప్టెన్‌ని. టగ్గులు అక్కర్లేదండీ. మేమే వచ్చేస్తాం. దయచేసి వెనక్కి పిలవండి."

"అలాగేనండీ," అంది చెల్లెలు. "టగ్గులూ, ఆగండి."

ఎవరు చివర అడిగితే వాళ్ళదే మాట.

"వద్దమ్మా, వాళ్ళని వెళ్ళమను."

"కెప్టెన్ గారు వద్దంటున్నారుగా."

"నేనడుగుతున్నాను కదా."

"సరే. టగ్గులూ, వెళ్ళండి."

"మేడమ్, ప్లీజ్," అంది నేతిగొంతు. "మా పెయింటు పాడవుతుంది."

"అయ్యో. టగ్గులూ..."

"మేడమ్!" బొంగురు గొంతు పిచ్చెక్కినట్టు అరిచింది. "వెళ్ళాలా, ఆగాలా? ఏదో ఒకటి ఏడవండి!"

ఇరవై ఆరు. ముంగి ఎడమచేత్తో బల్ల అంచు పట్టుకున్నాడు. కుడిచెయ్యి ఓడ ఛానెల్ మీటకేసి మెల్లగా వెళ్ళింది.

"చిట్టీ, ఆయన గొంతు తలనొప్పిగా ఉంది. కాస్త తగ్గించనా?"

"తగ్గించుకో."

మీట తిప్పాడు. నేతిగొంతు ఆగిపోయింది. "ఇప్పుడు మనిద్దరమే. నెట్టించమ్మా. ఇసుకలో ఎక్కేదాకా నెట్టించు."

"సరే."

అప్పుడు చూశాడు అతను చెల్లెలి పని. గొంతు పెరగలేదు, వేలు తొట్రుపడలేదు. "ఒకటీ, ముక్కు కింద దూరు. రెండూ, దాని వెనకే. మూడూ, నువ్వు తోక దగ్గర అడ్డంగా." తెల్ల ట్యాంకరు ముక్కు వెంట్రుకవాసి కదిలింది. ఇరవై ఎనిమిది. జెట్టీ మీద మనుషులు పరిగెడుతున్నారు. ఓడ వెనక నుంచి చిన్న బోటు ఒకటి దిగి పారిపోతోంది.

"మేడమ్, నలిగిపోతాను!" బొంగురు గొంతు ఏడుస్తోంది. "జెట్టీ గోడకీ ఓడకీ మధ్య ఉన్నాను! వదిలేస్తున్నా!"

"నలగవు నాయనా. ఎడమకి పది. ఇంకో ఐదు. నేను చూస్తున్నాగా. ఇంజను ఫుల్లుగా పెట్టు. ఆ, అలా. లెక్కపెట్టు, పది అంకెలు."

భయపడే చెల్లెలైతే ఆ మాట ఆ గొంతుతో చెప్పగలిగేదా? ముంగికి తెలియదు. టగ్గు మనిషి మాత్రం లెక్కపెట్టాడు. ఒకటి. రెండు. గది మొత్తానికీ ఊపిరి బిగబట్టింది ఒక్కడే. ఏడు. ఎనిమిది. ఓడ రేపిన అల జెట్టీ మీదకి ఎక్కింది. తొమ్మిది.

అడుగున ఎక్కడో ఏనుగు మూలిగినట్టు చప్పుడయింది. ట్యాంకరు ఒక్క కుదుపు కుదిపి, ఇసుకలోకి ఎక్కి ఆగిపోయింది. పదకొండూ ముప్పై.

స్క్రీన్ మీద దూరం: నలభై మీటర్లు.

"అయిందా అన్నయ్యా?" అంది చెల్లెలు. "ఇంకేమన్నా కావాలా?"

ఏమీ వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. నేల మీదే కూర్చుండిపోయాడు.

పారిపోయిన బోటుని పోలీసు లాంచీ పన్నెండింటికి పట్టుకుంది. అడ్రసులన్నీ నిజమే. పిన్‌కోడ్ లేనిదాంట్లోనే ముఠానాయకుడు దొరికాడు. డైటీషియన్ని ఎవరి జైల్లో పెట్టాలో రెండు దేశాలూ ఇంకా తేల్చుకోలేదు. ఆమెకేమీ తొందర లేదు.

ప్రొఫెసరమ్మ పదకొండు మందికీ యాంటీబయాటిక్ ఇచ్చి, లోపలి కాపురాలన్నీ ఖాళీ చేయించింది. తర్వాత ముంగిని పిలిచింది.

"ఖాళీ ఇల్లు ఖాళీగా ఉంచకూడదు. మంచి బ్యాక్టీరియాని దింపాలి. ఎవరైనా ఆరోగ్యంగా ఉన్న మనిషి పేగుల్లోంచి తీసుకోవాలి. మీ చెల్లెలికి మీరైతే బావుంటుంది. అంత భయం పుట్టించగల కడుపు ఇంకొకటి నాకు కనబళ్ళేదు. పడుతుందో లేదో మాత్రం హామీ లేదు."

"పేగుల్లోంచి అంటే..."

"ఉదయం పూట. డబ్బాలో."

ఏడు ఉదయాలు అతను ఒక డబ్బా సీలు వేసి ల్యాబ్‌కి మోశాడు. మొదటిరోజు గేటు దగ్గర కాపలావాడు, "ఏముంది లోపల?" అన్నాడు. "చెప్పకూడదు," అన్నాడు ముంగి. "అయితే తెరువు." తెరిచాడు. ఆ వారంలో మళ్ళీ ఏ గేటు దగ్గరా అతన్ని ఎవరూ ఆపలేదు.

రోజులు గడిచాయి. చెల్లెలు సెలవులో ఉంది. వెళ్ళి చూసొచ్చేవాడు. పలకరించేది, నవ్వేది, స్టవ్ మీద పాలు పొంగిపోతుంటే చూస్తూ కూర్చునేది. ముంగికి రాత్రుళ్ళు నిద్ర పట్టడం మానేసింది.

పందొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆఫీసులో ఫోన్ మోగింది. ఎత్తాడు. అవతల ఊపిరి ఒక్కటే, తెగి తెగి.

"చిట్టీ?"

"అన్నయ్యా..." గొంతు వణికింది. "ఆ ఓడ... అది ఎంత దగ్గరికొచ్చింది?"

ముంగి కళ్ళు మూసుకున్నాడు. పిల్ల బెదిరిపోయింది. ఇప్పుడే నిజం చెప్తే తట్టుకుంటుందా?

"చాలా దూరంలోనే ఆగిందిలేమ్మా. నాలుగొందల మీటర్లు."

"నలభై! నలభై మీటర్లన్నయ్యా! స్క్రీన్ మీద నేను చూడలేదనుకున్నావా? ఆ టగ్గు వాడు చచ్చిపోయేవాడు, నేను లెక్కపెట్టమన్నాను, ఊరంతా పోయేది, నువ్వు పక్కనే కూర్చున్నావు, నువ్వూ పోయేవాడివి! పైగా నాతో అబద్ధమా? సిగ్గులేదూ?" ఏడుపూ తిట్లూ కలిసి ఫోను పగిలిపోతోంది.

ఎదుటి బల్ల దగ్గర పెద్దాయన తలెత్తి చూశాడు. ముంగి రిసీవరు చెవికి గట్టిగా అదుముకుని నవ్వుతున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

అబద్ధం దొరికిపోయినందుకు అంత సంబరపడిన గూఢచారి ఆ శాఖలో అంతకుముందు లేడు.